గేటుకి కట్టిన కుక్క

“ఏ పాపిష్టి చేతులు కట్టాయో గానీ, ఆ చేతులు విరిగిపోను!”

పొద్దున్నే కలప మిల్లు గేటు తాళం తీస్తూ ఓనరమ్మ తిట్టిన తిట్టు అది.

గేటు ఊచకి నల్ల కుక్క ఒకటి కట్టేసి ఉంది. కడుపుతో ఉంది. వానకి తడిసి వణుకుతోంది.

మెడ ఒరుసుకుపోకుండా తాడు చుట్టూ నీలం గళ్ల తువ్వాలు ముక్క చుట్టి ఉంది. కోపంలో ఉన్నవాళ్లకి అలాంటివి పట్టవు. ఆమె తాడు కోసి, ఆ ముక్కని మెషీన్లు తుడిచే గుడ్డల్లో పడేసింది.

“అక్కా, దీన్ని లోపలికి తెస్తావా?” అన్నాడు తమ్ముడు. మిల్లు అజమాయిషీ అంతా అతనిదే.

“తేక? పాత కుక్కకి దొంగలు విషం పెట్టి చంపి టేకు దుంగలు ఎత్తుకుపోయారుగా. ఇది కాపలాకి ఉంటుంది.”

కాపలా అన్నది పైకి చెప్పిన మాట. పలకల గదిలో ఓ మూల రంపపు పొట్టు మెత్తగా పరిచి, పాత దుప్పటి వేసింది. పాలు, గుడ్లు, ఉడికించిన మాంసం తన చేత్తోనే పెట్టేది. మొగుడికి కూడా ఇంత చేసి ఉండదని హమాలీలు చాటుగా నవ్వుకునేవారు.

గిన్నె కింద పెట్టినప్పుడల్లా ఆ తిట్టు మాత్రం మానలేదు. “నిండు కడుపుతో ఉన్నదాన్ని వదిలేసిన చేతులు విరిగిపోను!”

కుక్క తిండి తినేది, ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. నిమరబోతే ఓనరమ్మ వేళ్లు కొరికింది. తమ్ముడి పిక్క కండతో సహా పీకింది.

ఆ రోజుల్లోనే ఒక మనిషి గేటు దగ్గర తచ్చాడటం మొదలుపెట్టాడు. మాసిన గడ్డం, భుజాన సంచి. ఎదురుగా మూతపడిన షాపు మెట్లే అతని ఇల్లు. వానొస్తే అక్కడ నిలబడటానికే చోటుండదు.

“ఎవడ్రా నువ్వు?” అన్నాడు తమ్ముడు.

“ఊరికేనండీ. మీ కుక్కకి రోజులు దగ్గరపడ్డట్టున్నాయి. డాక్టర్‌కి చూపించారా అని...”

తమ్ముడికి ముందు చెయ్యి పనిచేస్తుంది, తర్వాత నోరు. బుర్ర వంతు వచ్చేసరికి పని అయిపోతుంది. దవడ అదిరేలా ఒక్కటిచ్చాడు.

“విషం పెట్టే ముందు వివరాలు కనుక్కుంటున్నావా?”

ఆ మనిషి రక్తం ఉమ్మేశాడు. “దానిది సన్నటి నడుమండీ. కాన్పు కష్టమవుద్ది.”

రెండోది పడింది.

“ఇంకోసారి కనబడ్డావంటే చంపి పాతరేస్తా!”

ఓ మధ్యాహ్నం కుండపోతగా వాన. కరెంటు పోయి రంపాలు ఆగిపోయాయి. కుక్క పొద్దున్నుంచి నొప్పులతో అరుస్తోంది. ఒక్క పిల్లా బయటికి రాలేదు. పశువుల డాక్టర్ ఫోన్ ఎత్తలేదు.

“నేనే వెళ్లి లాక్కొస్తా. నువ్వు ఇక్కడే ఉండరా, దానికేమైనా అయితే నేను బతకలేను,” అని ఓనరమ్మ వానలోనే పరిగెత్తింది.

ఇక్కడే ఉండాల్సినవాడు హమాలీలతో కలిసి టీకి పోయాడు.

తిరిగొచ్చేసరికి కుక్క అరుపు లేదు. పలకల గది తలుపు బార్లా తెరిచి ఉంది.

లోపల ఆ మనిషి. మోచేతుల దాకా రక్తం. రెండు చేతుల్లో ఉలుకూ పలుకూ లేని పిల్ల. దాన్ని తలపైకెత్తి, నేలకేసి కొడుతున్నట్టు ఒక్క ఊపు ఊపాడు. మళ్లీ ఎత్తాడు.

“పిల్లని చంపేస్తున్నాడ్రోయ్!”

తమ్ముడి చేతికి టేకు చెక్క అందింది. మొదటి దెబ్బకి మణికట్టు ఫట్‌మంది. పిల్ల పొట్టులో పడింది. రెండో దెబ్బకి రెండో చెయ్యి వేలాడింది. హమాలీలు కాళ్లతో అందుకున్నారు.

“ఆగండి... దానికి ఊపిరి...”

ఒకడు నోటి మీదే తన్నాడు.

తలుపు తెరిచే ఉంది. ఆ మనిషి అటు వెళ్లలేదు. పొట్టులోకి పాకాడు. మోచేతులతో పిల్లని దగ్గరికి లాక్కుని, దాని మూతిని నోట్లో పెట్టుకున్నాడు.

“కొరుకుతున్నాడు, రాక్షసుడు!”

ఈసారి చెక్క తల మీద పడింది.

కుక్క పళ్లు బయటపెట్టి తమ్ముడి మీదికి లేవబోయి, లేవలేక కూలబడింది.

ఆ మనిషిని వానలోకి ఈడ్చుకెళ్లి దుంగల వెనక పడేశారు. వెనక్కి వచ్చేసరికి పొట్టులో పిల్ల కుయ్ కుయ్‌మంటోంది.

డాక్టర్‌ని వెంటబెట్టుకుని ఓనరమ్మ వచ్చింది.

“అడ్డం తిరిగిన పిల్లని లాగిందెవరు? ఇంకాస్త ఆగితే తల్లి కూడా దక్కేది కాదు,” అన్నాడు డాక్టర్.

“లాగడమా! చంపబోయాడు సార్. పైకెత్తి ఊపాడు, మూతి కొరికాడు...” అన్నాడు తమ్ముడు.

“ఊపితే ముక్కులో ఉన్న నీళ్లు బయటికి పోతాయయ్యా. పోకపోతే నోటితో పీలుస్తారు. పాతవాళ్లు చేసే పద్ధతే.” డాక్టర్ చెయ్యి చాపగానే కుక్క గుర్రుమంది. ఆయన వెనక్కి తగ్గాడు. “ఇలాంటిదాని దగ్గరికి ఎలా వెళ్లాడు? ఏడీ ఆ మనిషి?”

తమ్ముడు దుంగల వైపు చూశాడు.

ఓనరమ్మ పరిగెత్తింది. వాన రక్తమంతా కడిగేసింది. విరిగి వంకరపోయిన ఆ చేతుల మీద ఒక్క పంటి గాటు కూడా లేదు.

డాక్టర్ అతని మెడ మీద వేలు పెట్టి చూశాడు. మెల్లగా వేలు తీసేశాడు.

వెనక నుంచి కుక్క వచ్చింది. పిల్లని వదిలి, ఒళ్లీడ్చుకుంటూ వచ్చింది. ఎవరినీ ముట్టుకోనివ్వని ఆ కుక్క అతని గుండె మీద తల పెట్టి పడుకుంది.

పక్కనే జారిపడిన సంచిలోంచి నీలం గళ్ల తువ్వాలు బయటికొచ్చింది. సగానికి చింపి ఉంది.

ఓనరమ్మ బురదలో కూలబడి అతని చేతుల్ని ఒళ్లోకి తీసుకుంది. ఇన్నాళ్లూ విరిగిపోవాలని ఆమె తిట్టిన చేతులు అవే.