నురగలో మనస్సాక్షి

"హీరోగారు కదిలితేనే నువ్వు కదలాలి. ఆయన రెప్ప వేస్తేనే నువ్వు వెయ్యాలి. తొందరపడ్డావో, నేరుగా ఇంటికే!" అసిస్టెంట్ డైరెక్టరు వేలు చూపించి మరీ చెప్పాడు.

డూపు బుద్ధిగా తలూపాడు.

ఎదురుగా పెద్ద అద్దం చట్రం. అందులో గాజు లేదు. గాజుంటే కెమెరా కూడా కనబడి కొంప మునుగుతుంది. అందుకని చట్రానికి అవతల అచ్చం ఇలాంటి గదే ఇంకోటి కట్టారు. ఒక గదిలో హీరో గడ్డం గీసుకుంటాడు. రెండో గదిలో డూపు ఆయన ప్రతిబింబంలా అదే చేస్తాడు.

ఏడేళ్ళుగా డూపు గుంపు సీన్లలోనే నిలబడుతున్నాడు. ఇన్ని సినిమాల్లో వెతికి వెతికి అతని అత్తగారు పట్టుకోగలిగింది ఒక్క మోచేతినే. ఈసారి మొహం మొత్తం తెరమీద! చెవుల దాకా నురగ పూశారనుకోండి, అది వేరే సంగతి. ఈ షాటు కుదిరితే సినిమా అంతా అతనే డూపు. నిజానికి ఇద్దర్ని పిలిచారట, బాగా చేసినవాణ్ణే ఉంచుకుంటారట. ఆ రెండోవాడి జాడే లేదు. పీడ విరగడైందనుకున్నాడు.

అవతలి గదిలో మొహం నిండా నురగతో ఒక మనిషి వచ్చి కూర్చోగానే, హీరోగారొచ్చేశారని డూపు సర్దుకు కూర్చున్నాడు.

ప్రతిబింబానికి ఎడమచెయ్యి కావాలి కదా. పదిరోజులు ఎడమచేత్తోనే గడ్డం గీసుకుని సాధన చేశాడు. నురగ కింద నాలుగు గాట్లున్నాయి. అదే చేత్తో రేజరు పట్టుకున్నాడు. అవతలాయనా ఎడమచేత్తోనే పట్టుకున్నారు. పెద్దవాళ్ళ పద్ధతులు మనకేం తెలుస్తాయిలే అనుకున్నాడు.

"యాక్షన్!"

ఆయన కదల్లేదు. ఇతనూ కదల్లేదు.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. నురగ కారి చొక్కాలోకి దిగుతోంది. ముక్కుమీద ఈగ వాలింది. ప్రాణం పోతున్నట్టుంది. అయినా డూపు ఉలకలేదు, పలకలేదు. ఆయన కళ్ళలోనూ అదే బాధ. ఏం నటనరా బాబూ అనుకునేసరికి డూపుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయనకీ తిరిగాయి.

మానిటర్ ముందు డైరెక్టరు ఊగిపోతున్నాడు. "చూశావటయ్యా? మనిషి మనస్సాక్షికి ఎదురుపడి కొయ్యబారిపోయాడు! అద్దం పెట్టమన్నది ఇందుకే! ఆ నురగంతా అతను ఆడిన అబద్ధాలు!"

"మరి ఇద్దరూ ఎడమచేత్తోనే..." కెమెరామాన్ నసిగాడు.

"మనస్సాక్షి ఎదురు తిరిగిందయ్యా! ఆమాత్రం తెలీదూ? కట్!"

సెట్టంతా చప్పట్లు. తన పని ఖాయమైపోయిందని డూపు పొంగిపోయాడు. గబుక్కున లేచి అవతలాయనకి దణ్ణం పెట్టాడు. ఆయనా అదే క్షణంలో లేచి ఇతనికి దణ్ణం పెట్టారు. అంత పెద్ద మనిషికి ఎంత అణకువ!

అంతలో సెట్టు తలుపు తోసుకుని, మొహాన నురగ చుక్కయినా లేకుండా హీరోగారు లోపలికొచ్చి, "సారీ డైరెక్టర్‌గారూ, ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను, ఇక మొదలెడదామా?" అన్నారు.