పచ్చ చీర

ఎల్లారెడ్డిలో హరిచంద్ ఫొటో స్టూడియో మానిటర్ ఆ రాత్రి ఉన్నట్టుండి ‘ఎల్లో రెడ్డి’ అయింది. తెరంతా పసుపు! పోయిన వారం చనిపోయిన భూమక్కకు తెల్లారితే దినాలు. ఆమెకున్నది ఒకే ఒక్క ఫొటో, అదీ నలుపు తెలుపుది.

“నల్లటి ఫొటోకు దండెయ్య మనసొప్పుతలేదన్నా. అవ్వను రంగుల్ల జెయ్యి. చీర పచ్చది” అని చెప్పి, కూతురు సాయిలత బీబీపేట బస్సెక్కింది.

హరిచంద్ మానిటర్ వెనక వదులైన వైరు బిగించాడు. రంగులన్నీ కుదిరాయి, ఒక్క మాటే కుదరలేదు. పచ్చంటే పసుపుపచ్చా, ఆకుపచ్చా? పచ్చకామెర్లూ పచ్చే, పచ్చగడ్డీ పచ్చే! సాయిలత ఫోను కలవలేదు.

“తెలుగుకు గూడ వైరు లూజే” అని గొణుక్కున్నాడు.

సగం దించిన షట్టర్ అవతల నుంచి ముసలి గొంతు వినిపించింది. “చిలకపచ్చ, బిడ్డా.”

“సల్లగుండు అవ్వా, బతికించినవ్!” అంటూ హరిచంద్ అటు చూడకుండానే చీరకు చిలకపచ్చ అద్దాడు. భూమక్క ముఖం కళకళలాడింది.

“పసుపుది నేనెన్నడు కట్టలే” అంది గొంతు.

మౌస్ మీద చెయ్యి ఆగిపోయింది. మెల్లగా వంగి షట్టర్ కిందనుంచి చూశాడు. అవతల వీధి దీపం వెలుతురే తప్ప పాదాలు లేవు.

ఈసారి గొంతు చెవి పక్కనే పలికింది. “నువ్వు గూడ సల్లగుండు బిడ్డా. నీ రుణం ఉంచుకోను. జర మూతి మీద నవ్వు వెట్టు, పొద్దుగాల నా బిడ్డ సూస్తది.”

హరిచంద్ వెనక్కి తిరగలేదు. మళ్లీ మౌస్ పట్టుకుని నవ్వు దిద్దడం మొదలుపెట్టాడు.