అపస్వరం కావలెను

“నా గొంతులో అపస్వరం ఏటే? నోరు పడిపోతాది!” అంటూ వేంకటాచలం గారు మైకు పక్కకి తోసేశారు.

“ఒక్క నిమిషం నాన్నా. ఇందాక మోహన రాగం చక్కగా పాడారు కదా, దాన్నే కాస్త తప్పుగా పాడండి.”

“విజీనగరంలో ఇంతమందికి పాఠం సెప్తన్నాను. నేనే తప్పు పాడితే ఇంకేటైనా ఉన్నాదా? మరెవర్నన్నా సూసుకో.”

రాగసుధకి ఏడుపొక్కటే తక్కువ. గొంతు శ్రుతిలో ఉందో లేదో గీత గీసి చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఓపెన్ సోర్స్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా దానికో చెయ్యి వేయవచ్చు. వాడే పద్ధతి తెలియక జనం తికమకపడుతున్నారని ఆమె ఓ ట్యుటోరియల్ నోట్‌బుక్ రాసింది. మెట్టుమెట్టుకీ వివరణ, దాని కిందే నడిపి చూసుకునే కోడ్. స్పష్టంగా లేదని ప్రాజెక్టువాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. ఒప్పు పాట పక్కన తప్పు పాట పెడితేగాని కొత్తవాళ్లకి తేడా తెలియదన్నారు. మూడోసారీ తిరిగొస్తే ఇక ఆ జోలికే వెళ్లకూడదనుకుంది.

అప్పుడే భోగాపురంలో డ్యూటీ దిగి, భర్త భాస్కర్ ఇంట్లోకి వచ్చాడు. మనిషి బంగారం. పాట మాత్రం అడక్కూడదు. అతను కూనిరాగం తీస్తే చాలు, మావగారు రేడియో పెట్టేస్తారు.

రాగసుధకి ప్రాణం లేచొచ్చింది.

“ఏవండీ, మోహన ఓసారి పాడతారా? నోట్‌బుక్‌లో పెడతాను.”

“నేనా? మీ నాన్నగారి ఎదటా?”

చొక్కా అయినా మార్చుకోకుండా కూర్చుని, తంబురా శ్రుతి పెట్టించుకుని, కళ్లు మూసుకుని మరీ అందుకున్నాడు. వేంకటాచలం గారు చెవులు మూసుకుని పెరట్లోకి పరుగు తీశారు.

“ఎలగుంది?” అన్నాడు భాస్కర్, చెమట తుడుచుకుంటూ.

“చాలా బాగుంది” అంది. అబద్ధమేం కాదు. ఆమెకి కావలసినదాన్ని అంతకంటే బాగా ఎవరూ పాడలేరు.

దానికి ‘తప్పు ఉదాహరణ’ అని పేరు పెట్టి పంపేసింది. పంపాక ఒకటే గుబులు. పాపం, ఎంత సంబరంగా పాడాడు! తెలిస్తే ఎంత నొచ్చుకుంటాడో!

మర్నాడు కాఫీల వేళకి జవాబొచ్చింది. సంతోషం పట్టలేక ఎదురుగా ఉన్న భర్తకి తెలుగులో చదివి వినిపించింది.

“అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుందట! తీసుకుంటారట! చిన్న మార్పు ఒక్కటేనట!”

“నా పాట గురించి ఏటన్నారు?”

ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టింది. ఇక దాచలేకపోయింది.

“కోప్పడకండి. మీ పాట... తప్పు పాట కింద పెట్టాను.”

“ఓస్, అంతేనా! ఇంతకీ ఏటి రాశారో సదువు.”

కోపం రాలేదు, అదే పదివేలనుకుని మిగతాది చదివింది.

“రెండో పాట మార్చండి. శ్రుతి తెలియనివాళ్ల గొంతు ఒకచోట పైకి పోతుంది, ఒకచోట కిందికి జారుతుంది. ఈయన మొదటి నుంచి చివరిదాకా ప్రతి స్వరాన్నీ ఒకే కొలతలో కిందికి దించి పాడారు. ఇలా తప్పడం గొప్ప విద్వాంసులకే సాధ్యం. నిజంగా పాట రానివాళ్లని చూడండి.”

రాగసుధ గబగబా రెండు పాటల గీతలూ తెరిచింది. ఒకటి నాన్నది, ఒకటి భర్తది. పక్కపక్కన దున్నిన రెండు చాళ్లలా, ఎక్కడా ఎడం మారకుండా సాగిపోయాయి.

“ఏవండీ! మీకు పాటొచ్చా!” అని కేకేసింది.

భాస్కర్ ఒక్క అంగలో వెళ్లి, మావగారు కూర్చున్న వీధి అరుగువైపు తలుపు మూసి, రెండు చేతులూ జోడించాడు.

“నెమ్మదిగా అనవే తల్లీ! ఈ సంగతి మీ నాన్నగారి సెవిన పడిందంటే, రేపట్నుంచి తెల్లారగట్ల నాలుగింటికే లేపి నన్ను సాధకానికి కూకోబెట్టేస్తారు!”