సందు లేని కట్టెల పెట్టె

"ఛీ ఛీ! నాలుకతో నాకుతున్నాడేంటి వీడు!"

వడ్రంగి మేస్త్రి చేతిలోని ఉలి పక్కన పడేసి లేచాడు.

కాన్పుల ఆసుపత్రి వెనక పెరట్లో, అప్పుడే దించిన కట్టెల కుప్ప దగ్గర ఒక ముసలాడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. కట్టె తీస్తాడు, వాసన చూస్తాడు, కోసిన చివర నాలుక ఆనిస్తాడు. రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చెవి ఒగ్గి వింటాడు. మధ్యమధ్య ఖళ్ళుఖళ్ళున దగ్గి, పక్కనే నల్లటి కళ్ళె ఉమ్ముతాడు.

మేస్త్రి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఏయ్ ముసలాడా! ఇది ఆసుపత్రి. ఉమ్మడానికి నీకింకెక్కడా చోటు దొరకలేదా?"

"ఇవి పచ్చివి నాయనా. టంగుమని మోగాలి. దబ్బుమంటున్నాయి."

"నీ సోది నాకెందుకు? లే, లే!"

మేస్త్రి చిరాకు అతనిది. కట్టెలు తడవకుండా దాచడానికి ఒక పెట్టె, వాటిని బాయిలర్ గదికి మోసుకెళ్ళే సాధనం ఒకటి, వానలు పడేలోగా చేసిపెట్టమంది హెడ్ నర్సు. బాయిలర్ ఆరిపోతే బాలింతలకూ పసిగుడ్లకూ వేడినీళ్ళుండవు. పని నచ్చితే ఆసుపత్రి వడ్రంగి ఉద్యోగం మేస్త్రిదే. ఇరవై ఏళ్ళుగా ఇల్లిల్లూ తిరిగి బీరువాలు బిగించిన మనిషికి అదేమన్నా చిన్న విషయమా?

అందుకే ప్రాణం పెట్టి చేశాడు. నిలువెత్తు పెట్టె. బీరువాల చెయ్యి కదా, పలకకి పలక ఎలా అతికిందంటే చీమ దూరే సందు లేదు. నేలకి ఆనించి కదలకుండా బిగించాడు. మోతకేమో మూతా పిడులూ ఉన్న గట్టి చెక్కపెట్టె.

ముసలాడు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"బాగుంది నాయనా. బట్టలు పెట్టుకోవచ్చు."

"ఏంటీ?"

"కట్టెకి గాలి ఆడాలి. కింద జానెడు ఎత్తు పెట్టు, వెనకాల సందులు వదులు. పైన కప్పుంటే చాలు. మోతకి ఈ పెట్టెందుకు? ఖాళీదే ఇంత బరువుంది. పాపం, ఆయాలు ఆరు మెట్లు దిగాలి."

అంతటితో ఊరుకున్నాడా? చంకలోంచి ఒక మాసిన గోనెపట్టా తీశాడు. రెండు చివర్లా రెండు కర్రలు దూర్చి, మధ్యలో కట్టెలు పేర్చి, కర్రలు రెండూ కలిపి పట్టుకుని లేపి చూపించాడు. ఆ మాత్రానికే దగ్గు తెర ముంచుకొచ్చి మళ్ళీ ఉమ్మాడు. తుంపరలు మేస్త్రి చెప్పు మీద పడ్డాయి.

"థూ! నీ బతుకు చెడ!" మేస్త్రి గోనెని ఎడం కాలితో తన్నాడు. చేత్తో తీసెయ్యడానికి రోత.

మర్నాడు వచ్చి చూస్తే, పెట్టె వెనక పలకలు ఒకటి విడిచి ఒకటి ఊడదీసి ఉన్నాయి. మేకులు సాపుచేసి పక్కన కుప్ప పోసి మరీ కూర్చున్నాడు ముసలాడు.

మేస్త్రి శివాలెత్తిపోయాడు.

"వాచ్‌మన్! ఈ దరిద్రుణ్ణి ఇంకోసారి లోపలికి రానిచ్చావో, నర్సమ్మగారికి చెప్పి నీ ఉద్యోగం ఊడగొట్టిస్తా!"

వాచ్‌మన్ చేరి నెల కూడా కాలేదు. భయపడి ముసలాడి రెక్క పట్టుకుని గేటు దాటించి వచ్చాడు. మేస్త్రి పలకలన్నీ మళ్ళీ బిగించి, ముసలాడి చెయ్యి పడ్డ చోటల్లా ఫినాయిల్‌తో తుడిచి, కట్టెలు నిండా పేర్చాడు.

వానలు పట్టుకున్నాయి. పదిరోజులు తెరిపి లేదు. పెట్టెలోకి చుక్క నీరు దిగలేదు.

పదకొండో రోజు పొద్దున్నే ఆయా పెట్టె అడుగు వరస కట్టెలు తీయబోయి, "అమ్మో!" అని ముక్కు మూసుకుంది.

మేస్త్రి పరుగెత్తుకొచ్చి చెయ్యి పెట్టాడు. కట్టె జారింది. జిగట. బూజు. వేళ్ళ సందున జెర్రి పాకింది. కుళ్ళిన కూరల కంపు.

అయినా ఆ కట్టెలే మోసుకుని బాయిలర్ గదిలోకి దిగాడు. గంటసేపు ఊదాడు. పొగే తప్ప మంట లేదు. పైకొచ్చి దగ్గి దగ్గి ఉమ్మితే, ఉమ్మి నల్లగా పడింది.

వార్డుకి వేడినీళ్ళు ఎదురింటివాళ్ళు బిందెలతో పంపుతున్నారు.

హెడ్ నర్సు వచ్చింది.

"సందులెందుకు వదల్లేదయ్యా?"

"వాన లోపలికి రాకూడదని..."

"మరి పచ్చికట్టెలో ఉన్న తడి ఎటు పోతుంది? ఆయన చెప్పలేదూ?"

"ఎవరమ్మా?"

"ఆ ముసలాయన్ని నేనే పంపాను కదా, దగ్గరుండి చేయించమని. మంచం దిగలేని మనిషి, ఈ పని కోసం లేచొచ్చాడు. రెండ్రోజులకే మానేశాడేంటని కబురు చేస్తే, 'మేస్త్రి మంచి పనోడమ్మా, సరిచేసుకుంటాడులే' అన్నాడట."

మేస్త్రికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆయన ఎక్కడుంటాడమ్మా? వెళ్ళి కాళ్ళ మీద పడతాను."

"మొన్న పోయాడయ్యా. ముప్ఫై ఏళ్ళు ఆ బాయిలర్ గదిలో తడికట్టెలు ఊదాడు. ఇంకేం ఊపిరి మిగులుతుంది?"

హెడ్ నర్సు వెళ్ళబోయి ఆగింది.

"పన్నెండేళ్ళ కిందట, ఇలాంటి వానల్లోనే, నీ కూతురు ఏడో నెలలో పుట్టింది. డాక్టరుగారికి దండం పెట్టావు, నాకూ పెట్టావు. గుర్తుందా?"

"మరిచిపోతానా తల్లీ?"

"ఆ పిల్లని పదహారు రోజులు వేడినీళ్ళ సీసాల మధ్య పడుకోబెట్టి బతికించుకున్నాం; ఒక్క పూట కూడా బాయిలర్ ఆరనివ్వకుండా ఆ నీళ్ళు కాచింది ఆయనే."