అన్నం తిన్నాక చెబుదాం

"ఇప్పుడివ్వొద్దు. ముందు వాణ్ణి అన్నం తిననీ," అన్నాడు హెడ్‌క్లర్కు శోభనాద్రి, టెలిగ్రాం మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటూ.

కొత్త గుమాస్తా రాంబాబు గుమ్మం వైపు చూశాడు. పున్నయ్య ఇంకా రికార్డు గదిలోనే ఉన్నాడు. టెలిగ్రాం అతనికొచ్చింది. 'లీలావతి సీరియస్. వెంటనే బయలుదేరు' అని గుడివాడ నుంచి అత్తగారు దేవమ్మ ఇప్పించింది. లీలావతి పున్నయ్య భార్య. పురిటికని పుట్టింటికి వెళ్ళి నెలైంది.

"సీరియస్ అనే కదండీ ఉంది," అన్నాడు రాంబాబు. "పన్నెండూ ముప్పావు బస్సుకి పంపించేస్తే..."

"నీ సర్వీసెంతోయ్? ఇరవై ఏళ్ళ బట్టి ఈ ఆఫీసుకొచ్చిన టెలిగ్రాములన్నీ నా చేతిమీదుగానే వెళ్ళాయి. పోయిందని ఎవరూ రాయరు, సీరియస్ అనే రాస్తారు. మా నాన్న పోయినప్పుడు నాకూ అలాగే ఇచ్చారు. మూడ్రోజులు మెతుకు ముట్టలేదు నేను. వీడు పొద్దున్న వట్టి కాఫీ తాగి వచ్చాడు. కడుపునిండా తిననీ. తర్వాత నేనే చెప్పి, నేనే వెంట వెళ్తాను."

రాంబాబు వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు. శోభనాద్రి మంచివాడని బందరులో ఆ ఆఫీసు ఆఫీసంతా అంటుంది.

బస్టాండు ఎదురుగా ఉన్న భోజన హోటల్లో ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. రోజూ ఇంటి నుంచి క్యారియర్ తెప్పించుకునే శోభనాద్రి ఇవాళ హోటలుకి రావడం పున్నయ్యకి వింతగా ఉంది.

"ఏంటండీ విశేషం? నాకేమైనా ప్రమోషనొచ్చిందా?"

"ఇంట్లో వండిపెట్టేవాళ్ళు లేరు కదా, ఒక్కపూట సరిగ్గా తింటావని. తిను."

వడ్డించే అతన్ని పిలిచి పున్నయ్య విస్తట్లో ముద్దపప్పు మీద రెండుసార్లు నెయ్యి పోయించాడు శోభనాద్రి. వంకాయ కూర మారు వేయించాడు. పున్నయ్య ఆకలి మీదున్నాడేమో, వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. పులుసులోకి వచ్చాక మాటల్లో పడ్డాడు.

"మగపిల్లాడైతే మీ పేరు పెట్టుకుందామని ఉందండీ నాకు. మా అత్తగారు ఒప్పుకోదు. బైబిల్లో ఉన్న పేరే పెట్టాలంటుంది."

శోభనాద్రి నవ్వబోయి మంచినీళ్ళు తాగాడు. రాంబాబు అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"రాంబాబూ, ఒంట్లో బాగాలేదా? ఏమీ తినట్లేదు."

"ఆకలి లేదు, పున్నయ్యా."

బస్టాండులో గుడివాడ బస్సు హారన్ కొట్టింది. పున్నయ్య తలెత్తి కిటికీలోంచి చూశాడు.

"శనివారం ఈ బస్సుకే వెళ్తాను. రెండింటికల్లా అక్కడుంటాను."

రాంబాబు శోభనాద్రి వంక చూశాడు. ఇంకా నిమిషం ఉంది, పరుగెడితే అందుతుంది. శోభనాద్రి తల అడ్డంగా ఊపాడు.

"పెరుగు వెయ్యవయ్యా ఇక్కడ. గడ్డ చూసి వెయ్యి," అన్నాడు వడ్డించే అతనితో.

బస్సు వెళ్ళిపోయింది. పున్నయ్య పెరుగన్నం తిని, విస్తరి మడిచి, చేతులు కడుక్కుని వచ్చాడు. అప్పుడు శోభనాద్రి అతని భుజం మీద చెయ్యి వేసి, టెలిగ్రాం చేతిలో పెట్టాడు.

పున్నయ్య రెండుసార్లు చదివాడు. "సీరియస్ అనే ఉందండీ."

"అలాగే రాస్తారు నాయనా. గుండె దిటవు చేసుకో."

"ఎప్పుడొచ్చిందిది?"

"ఇందాక," అన్నాడు శోభనాద్రి.

తర్వాతి బస్సు ఒంటిగంటా ముప్పావుకి. పున్నయ్యతో పాటు శోభనాద్రీ ఎక్కాడు. పెడన దాటగానే పున్నయ్య కిటికీలోంచి తల బయటపెట్టి తిన్నదంతా కక్కేశాడు. గుడ్లవల్లేరు దగ్గర మళ్ళీ అడిగాడు, "ఒకవేళ బతికే ఉందేమోనండీ?"

"ఆశ పెట్టుకోకు. తర్వాత తట్టుకోలేవు."

గుడివాడ వచ్చేసరికి అతను అడగడం మానేశాడు.

బస్సు దిగగానే శోభనాద్రి పూలకొట్టు దగ్గర ఆగాడు. అలాంటి చోటికి వట్టి చేతుల్తో వెళ్ళకూడదన్నాడు. కొట్లో చిన్న దండలే ఉంటే పెద్దది కట్టించాడు. అది కట్టేదాకా పున్నయ్య స్తంభానికి ఆనుకుని రోడ్డు మీద పోయే బళ్ళని చూస్తూ నిలబడ్డాడు.

ఆస్పత్రి గేటు దాటగానే దేవమ్మ వరండాలోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఇప్పుడా రావడం? బిడ్డ అడ్డం తిరిగింది. మొగుడు సంతకం పెడితేగాని కొయ్యనంటున్నాడు డాక్టరు. నా వేలిముద్ర పనికిరాదంట. పొద్దుట్నుంచీ గేటు వంకే చూస్తున్నాను, నాయనా."

"బతికే ఉందా?" అన్నాడు పున్నయ్య.

"ఉంది. లోపలికి పరుగెత్తు. నీ పేరే కలవరిస్తోంది."

పున్నయ్య పరుగెత్తాడు. అతని వెనకే దేవమ్మ.

శోభనాద్రి వరండా మెట్టు మీద కూలబడ్డాడు. తన మాట తప్పయినందుకు జీవితంలో మొదటిసారి సంతోషించాడు. ఇంక పర్వాలేదు, సంతకం పెట్టేస్తాడు, ఆపరేషను చేసేస్తారు అనుకున్నాడు. ఒళ్ళో ఉన్న దండ చూసుకుని ఉలిక్కిపడి, ఎవరి కంటా పడకుండా ఎక్కడ పారెయ్యాలా అని చుట్టూ చూశాడు. గోడ పక్కన చెత్తబుట్ట కనబడింది. లేచి రెండడుగులు వేశాడు.

నర్సు బయటికొచ్చింది. చేతిలో కాగితం ఉంది.

"పున్నయ్య సంతకం పెట్టాడా, అమ్మా?" అన్నాడు శోభనాద్రి, దండ వీపు వెనక్కి పెట్టుకుంటూ.

చాటున పెట్టినా సగం దండ కిందికి వేలాడుతూనే ఉంది. నర్సు దాని వంక, అతని మొహం వంక మార్చి మార్చి చూసింది.

"ప్రాణం పోయి రెండు నిమిషాలు కూడా కాలేదే. మీకప్పుడే ఎవరు చెప్పారండీ?"