తలుపుకి అంటించిన సమన్లు

“అబద్ధమయ్యా!” అంటూ గంగరత్నం లేచి నిలబడింది. కోర్టు హాల్లో ఉన్నవాళ్ళంతా ఆవిడ వంక తిరిగారు.

బోనులో ఉన్న అమీనా వీరబ్రహ్మం, ఆ మాట తనని కాదన్నట్టు గొంతు సవరించుకున్నాడు. ఇళ్ళకి కోర్టు కాగితాలు చేర్చడం, జప్తులకి వెళ్ళడం ఆయన ఉద్యోగం. పోయిన శ్రావణంలో నిజాంపట్నంలోని గంగరత్నం ఇంటికి సమన్లు తీసుకెళ్ళాననీ, ఆవిడ లోపలే ఉండి తలుపు తీయలేదనీ, చేసేది లేక ఆ తలుపుకే అంటించి వచ్చాననీ అప్పుడే ప్రమాణం చేసి మరీ చెప్పాడు.

“కూర్చో అమ్మా. నీ లాయరు మాట్లాడతారు,” అన్నారు జడ్జిగారు.

గంగరత్నం కూర్చుంది గానీ ఒళ్ళంతా మండిపోతూనే ఉంది. పడవ ఇంజనుకని బాపట్ల వ్యాపారి శేషగిరిరావు దగ్గర అప్పు తెచ్చిన మాట నిజం. వలలో పడ్డ ప్రతి పండుగప్పనీ ఆయన కాటాకే వేసి ఆ అప్పు తీర్చేసిన మాటా నిజమే. ప్రోనోటు చించేస్తానన్న పెద్దమనిషి చించలేదు సరికదా, ఈవిడ కాపురం రేపల్లెకి మారాక నిజాంపట్నం చిరునామాకి దావా వేశాడు. ఆవిడ కోర్టుకి రాలేదని తీర్పు ఆయన పక్షాన వచ్చేసింది. కిందటి నెల ఇదే వీరబ్రహ్మం జప్తు వారంటుతో రేపల్లె ఇంటి ముందు నిలబడేదాకా ఆవిడకి ఈ సంగతే తెలియదు. ఇప్పుడు ఆ తీర్పు కొట్టేస్తేనే ఆవిడ గోడు వినేవాళ్ళుంటారు. లేదంటే ఇల్లు వేలానికి పోతుంది.

పోనివ్వదలచుకోలేదు గంగరత్నం. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి కొనుక్కున్న ఇల్లు అది.

శేషగిరిరావు తరఫు లాయరు తాపీగా లేచాడు. “ఇల్లు కొన్నది రేపల్లెలోనే సార్, కాదనం. కాపురం మాత్రం మొన్నమొన్నటిదాకా నిజాంపట్నంలోనే. రేషన్ కార్డు చూడండి, ఆధార్ చూడండి. అన్నీ అక్కడివే.”

గంగరత్నం లాయరు ఇందుమతి తెనాలి పిల్ల. కార్డులు మార్పించుకోని క్లయింటుని ఏం చేయాలో తెలియక ఫైలు అటూ ఇటూ తిప్పుతోంది. గంగరత్నం వెనకనించి ఆమె నల్లకోటు పట్టి లాగింది.

“ఆ తలుపు ఎట్టా ఉందో అడుగమ్మా.”

“వద్దు పిన్నిగారూ. సరిగ్గా చెప్పేశాడంటే మునిగిపోతాం.”

“మునిగేది నేను కదా. అడుగు.”

ఇందుమతి మనసులో దేవుణ్ణి తలుచుకుని అడిగింది. వీరబ్రహ్మం మొహం వికసించింది.

“ఎందుకు గుర్తుండదండీ! నల్లటి తలుపండి. పడవ చెక్కలతో చేసింది. పాత మేకుల గుర్తులు వరసగా కనపడతానే ఉన్నాయి. గుమ్మం పైన చేపబొమ్మ చెక్కారండి. గొళ్ళెం కూడా మామూలుది కాదు, పడవకి వాడే కొక్కెం.”

ఇందుమతి నీరుగారిపోయింది. శేషగిరిరావు భుజం మీది కండువా సర్దుకున్నాడు.

“ఏమ్మా, ఆ తలుపు మీదేనా?” అడిగారు జడ్జిగారు.

“మాదేనయ్యా. పొల్లు పోకుండా చెప్పాడు.”

“ఒప్పుకుంది సార్, రికార్డు చేయండి!” అన్నాడు అవతలి లాయరు.

“మరి ఇందాక అబద్ధమని అరిచావే?” అన్నారు జడ్జిగారు.

గంగరత్నం కొంగు నడుముకి దోపి ముందుకొచ్చింది. “ఆ చెక్క మా మావ తొలి పడవదయ్యా. దాని మీదే మా ఇంటిల్లిపాదీ బతికాం. దాన్ని ఎవరికో వదిలేసి వస్తామా? ఇల్లు మారేటప్పుడు గుమ్మంతో సహా ఊడదీసి రేపల్లె తెచ్చుకున్నాం. ఈయన దాన్ని చూసింది జప్తుకొచ్చిన రోజున, రేపల్లెలో. చేత్తో నిమిరి, ఏం చెక్క అని అడిగాడు కూడానూ. శ్రావణంలో నిజాంపట్నం ఇంటికి తలుపే లేదయ్యా, గోనెపట్టా వేలాడతా ఉంది. ఇంక కాగితం దేనికి అంటించినట్టు?”

వీరబ్రహ్మం బోను కర్ర గట్టిగా పట్టుకున్నాడు.

అవతలి లాయరు మాత్రం తగ్గలేదు. “శ్రావణానికి ముందే తెచ్చారని ఏంటి సాక్ష్యం? ఆ తర్వాత తెచ్చుకుని ఉండొచ్చు కదా! చుట్టాలూ పక్కాలూ చెప్తే చెల్లదు సార్.”

“చుట్టాలు కాదు బాబూ,” అంది గంగరత్నం. రొంటిన దోపుకున్న సంచీలోంచి ఫోను తీసి, వేలితో నెమ్మదిగా జరిపి, ఇందుమతి చేతిలో పెట్టింది. “ఆ గుమ్మం నిలబెట్టి కొత్తింట్లో పాలు పొంగించిన రోజు తీసిన ఫొటోనమ్మా.”

ఇందుమతి చూసి నోరు వెళ్ళబెట్టింది. “పిన్నిగారూ, నాకు ముందే చెప్పలేదేంటి?”

“చెప్తే నీ మొహంలో కనపడిపోద్దమ్మా. అప్పుడు ఆ అమీనా తలుపు సంగతి నోరెత్తేవాడా?”

ఫోను జడ్జిగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని ఫొటో చూశారు. తేదీ చూశారు.

“ఆ శ్రావణం కన్నా ముందొచ్చిన ఉగాదికి ముందే,” అన్నారు. తర్వాత రెండు వేళ్ళతో ఫొటోని పెద్దది చేసి, ఒకసారి తెర మీదికీ, ఒకసారి ముందు బెంచీ మీదికీ చూసి అడిగారు:

“ఈ గుమ్మానికి కొబ్బరికాయ కొడుతున్న పెద్దమనిషి మీరే కదండీ, శేషగిరిరావుగారూ?”