మంచం కింది పెట్టె

"ఆ పెట్టె ముట్టుకోవద్దు అమ్మీ."

చీపురుతో మంచం కిందికి వంగిన మాబున్నీసా చెయ్యి అక్కడే ఆగిపోయింది. గుమ్మం దగ్గర యాస్మీన్ డ్యూటీకి బయల్దేరుతూ బూట్లు తొడుక్కుంటోంది.

"ఊరికి పంపే కార్గోనా బేటీ?"

"కాదు. కౌన్సెలింగ్ మేడమ్ చెప్పింది. ఎంత పెద్దయినా మనిషి లోపల ఒక చిన్నపిల్ల అట్లనే ఉండిపోతాదంట. ఆ పిల్లకు అప్పుడు దొరకనివన్నీ ఇప్పుడు ఇయ్యాలంట. అందుకే కార్గో పెట్టె మాదిరి నింపుతాండా."

"ఎంత పిల్ల?"

"ఆరేళ్ల పిల్ల."

కూతురు లుసైల్‌లో ఉన్న తన ఆఫీసుకు వెళ్ళిపోయింది. మాబున్నీసా చీపురు పట్టుకునే కూలబడింది. యాస్మీన్‌కు సరిగ్గా ఆరేళ్లప్పుడే ఆమె బిడ్డను రాయచోటిలో నానీ, అంటే అమ్మమ్మ, దగ్గర వదిలి, దోహాలో అరబ్బుల ఇంట్లో పనికి వచ్చింది. పన్నెండేళ్లు ఆ వంటింట్లోనే గడిచిపోయాయి. ఇప్పుడా కూతురే ఉద్యోగం చేస్తూ, అల్ మన్సూరాలో ఈ ఒంటిగది తీసుకుని తల్లిని దగ్గర పెట్టుకుంది.

పక్క ఫ్లాటు శివకుమారి కాకినాడ మనిషి. సంగతి విని బుగ్గలు నొక్కుకుంది.

"జాగ్రత్త అక్కా. ఆ మేడమ్‌లు చిన్నప్పటివన్నీ తవ్వుతారంట. మావారి ఆఫీసులో ఒకమ్మాయి నాలుగుసార్లు వెళ్ళొచ్చి, వాళ్ళమ్మ ఫోనెత్తడమే మానేసింది."

మాబున్నీసా పైకి మాత్రం నవ్వింది.

"మా కాలంలో ఇవన్నీ యాడివి? నన్ను ఆరేళ్లకే మదనపల్లెలో ఒకరింట్లో పనికి పెట్టినాడు మా అబ్బాజాన్. 'బజారు దాకా పోయొస్తా, ఈడే ఉండు' అని పోయినోడు ఏడాదికి వచ్చె. ఎండలో వాకిట్లో నిలబడి నిలబడి కాళ్లు బొబ్బలెక్కె. రాత్రిళ్లు చీకటి వడ్లగదిలో పడుకోబెట్టిరి. నేనేమన్నా మేడమ్ కాడికి పోతినా?"

ఈ కథ ఆమె ఎవరికైనా నవ్వుతూనే చెప్పేది. యాస్మీన్ వందసార్లు విని ఉంటుంది.

ఆ సాయంత్రం కూతురు పది నిమిషాలు ఆలస్యమైతే మాబున్నీసా తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది.

"మెట్రోలో ఉంటి అమ్మీ. సిగ్నల్ రాలేదు."

"మెట్రో నీళ్లల్లో మునిగిందేమో అనుకుంటి."

"దోహాలో వానే పడదు గదమ్మా."

రోజులు గడిచేకొద్దీ పెట్టె బరువెక్కింది. యాస్మీన్ లేనప్పుడు మాబున్నీసా మెల్లగా పైమూత ఎత్తి చూసేది. ఎర్ర రిబ్బన్లు. మట్టిగాజులు. పలక, బలపాలు. ఒకరోజు చిన్న చెప్పుల జత కనబడింది. ఆమెకు ఏడుపాగలేదు. అరబ్బుల ఇంట్లో ఉన్నప్పుడు ఏడాదికోసారి కూతురి పాదం కాగితం మీద గీసి పంపమని నానీకి చెప్పేది. ఆ గీతను సంచిలో పెట్టుకుని, శుక్రవారం సెలవు దొరికితే సూక్ బజారంతా తిరిగి చెప్పులు కొని, ఊరికి పోయేవాళ్లతో పంపేది. అవి సరిపోలేదేమో. చిన్నపిల్ల, ఎవరితో చెప్పుకుంటుంది? పలక ఎందుకు? నానీ బడికి పంపలేదా?

ఆఖరున టార్చిలైటు వచ్చింది. చీకటికి భయపడేదా నా బిడ్డ? ఫోన్‌లో ఒక్కసారన్నా అనలేదే. ఆ రాత్రి మాబున్నీసా ఎప్పటిలాగే బాత్రూం లైటు వేసే పడుకుంది గాని, కంటిమీద కునుకు రాలేదు.

శుక్రవారం పొద్దున బొరుగుల ఉగ్గాని చేసి కూతురి ముందు పెట్టింది. తాను తినలేదు.

"బేటీ, నన్ను మాఫ్ చేయి. నిన్ను ఇడ్సిపెట్టి వచ్చినా. నువ్వు ఎన్నిటికి ముఖం వాచినావో ఆ పెట్టె చూస్తే తెలిసె. తిట్టాలంటే తిట్టు. ఫోన్ ఎత్తడం మాత్రం మానుకోవద్దు."

యాస్మీన్ చేతిలో ముద్దను తిరిగి పళ్లెంలో పెట్టేసింది.

"నువ్వు నాకు చెప్పే వచ్చినావు అమ్మీ. బస్సెక్కేముందు నన్ను ఒళ్లో కూచోబెట్టుకుని, ఎన్ని రంజాన్లు దాటితే సెలవుకు వస్తావో నా వేళ్లమీదే లెక్కపెట్టి చూపించినావు. అన్నట్టే వచ్చినావు. నీ చెప్పులు ఒక్కసారి కూడా బిగుతు కాలేదు."

"మరి ఆ మేడమ్ కాడికి ఎందుకు పోతాండావు?"

"నేను లేటయినప్పుడల్లా నువ్వు చేసే తొమ్మిది ఫోన్ల కోసం."

మాబున్నీసాకు అర్థం కాలేదు. యాస్మీన్ చెయ్యి కడుక్కొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, మంచం కింద నుంచి పెట్టె బయటకు లాగింది. ఇన్నాళ్లూ గోడవైపున్న పక్కను తల్లివైపు తిప్పింది. ఊరికి పంపే పెట్టెల మీద రాసినట్టే, నల్ల మార్కర్‌తో పెద్ద పెద్ద అక్షరాలు. చదువు అంతంతమాత్రమైన మాబున్నీసా, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

"మాబున్నీసా, ఆరేళ్లు."